శ్రీకూర్మం పాఠం: ఒక మైకు, ఎనిమిది దారులు



 పడమర ముఖంగా ఉన్న స్వామి గురించి, తూర్పున ఒకటి పడమర ఒకటిగా ఉన్న రెండు ధ్వజస్తంభాల గురించి, శ్వేత పుష్కరిణి గురించి వీడియోలోనే మాట్లాడుకున్నాం. ఈ పోస్టు తెర వెనక పని గురించి. అంటే సౌండు.

"మా ఊరి గుడి ఉత్సవం మేమే లైవ్ పెడదాం అనుకుంటున్నాం, ఏ కెమెరా కొనాలి?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. సౌండు సంగతి అడిగేవాళ్లు తక్కువ. కానీ ఒక్కసారి ఆలోచించండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా మన అమ్మమ్మ లైవ్ చూస్తూ కూర్చుంటుంది. మంత్రం తెగిపోతే మాత్రం "ఏమైందిరా?" అని వెంటనే ఫోన్ చేస్తుంది. భక్తి ఛానల్‌కి ప్రాణం చెవిలోనే ఉంది.

అందుకే ఈ రోజు పాఠం ఆడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ కార్డు. దాన్ని ఎలా అమర్చాలి, దూరం నుంచి ఎలా నడపాలి, ఎప్పుడు నడపకూడదు అనేవి చూద్దాం. ఆ మూడో విషయం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. దాచకుండా చెప్తాను.

ముందుగా నా తప్పు

కొన్నేళ్ల క్రితం మాట. ఉత్తరాంధ్రలోనే ఒక చిన్న గుడి. పేరు అక్కర్లేదు, ఎందుకంటే తప్పు గుడిది కాదు, నాది. అభిషేకం లైవ్ నడుస్తోంది. అక్కడ మిక్సర్ దగ్గర ఊరి కుర్రాడు ఒకడున్నాడు. నేను హైదరాబాద్‌లో, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు. గుడిలో పెట్టిన కార్డుని ఇక్కడి నుంచే కంట్రోల్ చేసే ఏర్పాటు చేసుకున్నాం. దానికి చాలా మురిసిపోయాను కూడా.

లైవ్‌లో సౌండు తక్కువగా అనిపించింది. స్క్రీన్ మీద నాలుగో ఔట్‌పుట్ స్లైడర్‌ని 6 డెసిబెల్స్ పెంచాను. ఏమీ మారలేదు. ఐదు సెకన్లు, పది సెకన్లు చూశాను. "కదల్లేదేమో" అనుకుని ఇంకో 6 పెంచాను.

అప్పుడు ఫోను మోగింది. "ఏటి కదిపినావన్నా? ఇక్కడ మైకు కూసేస్తంది!"

నేను పెంచింది లైవ్‌కి వెళ్లే దారి కాదు, మండపంలోని స్పీకర్లకి వెళ్లే దారి. తెర మీద ఉన్నవి "ఔట్ 1, ఔట్ 2" అనే పేర్లే. ఏది ఎక్కడికి వెళ్తుందో నా బుర్రలో ఉందనుకున్నాను, లేదు. పైగా నేను వింటున్న లైవ్ గుడి కంటే దాదాపు పాతిక సెకన్లు వెనక ఉంది. గుడిలో మైకు చెవులు పగిలేలా కూస్తుంటే నాకు మాత్రం ఇంకా ప్రశాంతంగా పురుషసూక్తం వినిపిస్తోంది.

కుర్రాడు కంగారులో చేతికందిన వైరు లాగేశాడు. అది కార్డు ఇన్‌పుట్ వైరు. అన్ని దారులూ ఒకేసారి మూగబోయాయి. పెద్ద వయసు అర్చకులు మధ్యలో ఆగి, కళ్లు మూసుకుని, గోల సద్దుమణిగేదాకా నిలబడ్డారు. తర్వాత సూక్తం మొదటి నుంచి మళ్లీ అందుకున్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

చూసేవాళ్లకి అది రెండు నిమిషాల అంతరాయం. అక్కడ చేతులు జోడించుకుని నిలబడ్డవాళ్లకి ఆ అభిషేకం మళ్లీ రాదు. ఈ పాఠం అంతా ఆ రెండు నిమిషాల నుంచి పుట్టిందే.

అసలు ఇది ఏం యాంప్లిఫయర్?

యాంప్లిఫయర్ అనగానే మనకి పెళ్లి మైక్‌సెట్టు గుర్తొస్తుంది. అది పవర్ యాంప్లిఫయర్, స్పీకర్లని నడిపేది. ఇది అది కాదు. డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ స్పీకర్‌ని నేరుగా నడపలేదు. ఒకే సిగ్నల్‌ని లోపలికి తీసుకుని, దానికి నకళ్లు తీసి నాలుగు దారులకో, ఎనిమిది దారులకో పంచడమే దాని పని.

"అంత మాత్రానికి కార్డు ఎందుకన్నా, వై కేబుల్ పెట్టి చీలిస్తే పోలా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం.

మిక్సర్ ఔట్‌పుట్ నిరోధం 100 ఓమ్‌లు అనుకుందాం. వినే పరికరం ఒక్కోదాని ఇన్‌పుట్ నిరోధం 10,000 ఓమ్‌లు. ఎనిమిదింటిని ఒకే వైరుకి వేలాడదీస్తే అన్నీ కలిసి 1,250 ఓమ్‌లు అవుతాయి. దానివల్ల లెవెల్ ఒక డెసిబెల్ కూడా తగ్గదు. అంటే సౌండు తగ్గడం అసలు సమస్య కాదు.

సమస్య వేరే. ఆ ఎనిమిదిలో ఏ ఒక్క వైరు షార్ట్ అయినా ఎనిమిదీ పోతాయి. ఎవరో ఒక విలేకరి తన రికార్డర్‌కి తప్పు పిన్ను గుచ్చితే చాలు, మండపం మూగబోతుంది. ఎవరి పరికరం నుంచో గుయ్యిమని శబ్దం వస్తే అది అందరికీ ప్రసాదంలా పంచబడుతుంది.

కార్డులో ప్రతి ఔట్‌పుట్‌కీ వేరుగా ఒక బఫర్ ఉంటుంది. దాని ముందు కొన్ని పదుల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మూడో దారిలో షార్ట్ అయితే ఆ దారి మాత్రమే పోతుంది. మిగతా ఏడింటికీ ఆ సంగతే తెలియదు. ఒకరి కష్టం ఇంకొకరికి అంటనివ్వకుండా మధ్యలో నిలబడుతుంది కాబట్టే దీనికి డబ్బు పెడతాం.

ఇంకో మాట. మంచి కార్డు సిగ్నల్‌కి ఏదీ కలపదు, ఏదీ తీసెయ్యదు. శ్రీకూర్మం ఆలయంలో మధ్వాచార్యుల శిష్యులు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఉంది. దాన్ని నకలు తీసేవాడి పని ఉన్న అక్షరాన్ని ఉన్నట్టు దింపడమే కదా, బాగుంటుందని ఒక అక్షరం చేర్చడు. కార్డు పనీ అంతే. మంత్రానికి ఎకో కలపడం, బేస్ పెంచడం దీని దగ్గర ఉండకూడదు.

రెండు హెచ్చరికలు. ఒకటి, ఇది లైన్ లెవెల్ పరికరం. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని ముందు మిక్సర్‌లో పెంచి, ఆ తర్వాతే కార్డుకి ఇవ్వాలి. రెండోది, ఇది అందరికీ ఒకే వంట వడ్డిస్తుంది. ఒక్కొక్కరికి ఎంత అనేది మార్చగలం, ఏమిటి అనేది మార్చలేం. లైవ్‌కి గంటల చప్పుడు, జనం "గోవిందా" కలిపి కావాలి, మండపానికి మంత్రం మాత్రమే కావాలి అంటే మిక్సర్‌లోనే రెండు వేర్వేరు మిక్స్‌లు చేసి, రెండు కార్డులకి ఇవ్వాలి.

శ్రీకూర్మం మీద కాగితం ప్లాను

ఇప్పుడు ఒక అభ్యాసం చేద్దాం. ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం. సౌండు మనమే చూడాలనుకుందాం. ఇది కాగితం మీద ప్లాను మాత్రమే, గుడిలో ఇలాగే ఉందని కాదు.

ఇక్కడ స్వామి పడమటి వైపు చూస్తారు. తూర్పునా పడమరా రెండు వైపులా ధ్వజస్తంభాలు. జనం ఒకే దిక్కున ఉంటారనుకుంటే పొరపాటే. కాబట్టి ఎనిమిది దారులు ఇలా రాసుకున్నాను.

1. లైవ్ ఎన్‌కోడర్
2. కెమెరా, ఎన్‌కోడర్ పోతే ఇదే ఆధారం
3. రికార్డర్
4. పడమటి వైపు స్పీకర్ల యాంప్లిఫయర్
5. తూర్పు వైపు స్పీకర్ల యాంప్లిఫయర్
6. క్యూలైన్ స్పీకర్లు
7. విలేకరులకి, కేబుల్ టీవీ వాళ్లకి
8. దూరంగా కూర్చున్న ఆపరేటర్ వినడానికి

ఎనిమిదోది చూసి "అదెందుకు వేస్ట్?" అనుకోవద్దు. నా తప్పుకి మందు అదే. ఎలాగో కింద చెప్తాను.

ఇంకా పని మొదలుపెట్టకముందే చేయాల్సింది ఒకటుంది. ఈవో గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి, స్తంభాల మీద శాసనాలున్నాయి. మేకు కొట్టడం, టేపు అంటించడం, స్తంభానికి వైరు బిగించి కట్టడం ఏదీ కుదరదు. వైర్లు నేల మీదే, గోడకి దూరంగా, రబ్బరు కప్పు కింద వెళ్లాలి. ఆలయంలో పెంచే నక్షత్ర తాబేళ్లు ఉండే చోటుకి స్పీకరు ముఖం తిప్పకూడదు, వైరు అటుగా లాగకూడదు. ఇది మన టీమ్ నియమం.

అమర్చడం: వెనక నుంచి ముందుకి

ఈ కార్డులు విడిగా బల్ల మీద పెట్టుకునేవి కావు. ఒక ఇనుప చట్రం ఉంటుంది, దాన్ని ఫ్రేమ్ అంటారు. ఓపెన్‌గేర్ అనే పద్ధతిలో వచ్చే ఫ్రేమ్‌లో రెండు ర్యాక్ యూనిట్ల ఎత్తులో 20 కార్డు స్లాట్లు ఉంటాయి. ఫ్రేమ్‌కి పవర్ సప్లైలు, ఫ్యాన్లు, నెట్‌వర్క్ కోసం ఒక కంట్రోలర్ కార్డు ఉంటాయి. వేరే కంపెనీల ఫ్రేమ్‌లు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అద్దెకి దొరికితే కొనక్కర్లేదు.

మొదట కరెంటు. రెండు పవర్ సప్లైలు ఉన్న ఫ్రేమ్ అయితే రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకి గుచ్చకండి. ఒకటి యూపీఎస్‌కి, ఇంకోటి వేరే లైనుకి ఇవ్వండి. లేకపోతే రెండు ఉండి లాభమేంటి? ఈ జిల్లావాళ్లకి కరెంటు గురించి నేను చెప్పాల్సిన పని లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చీకట్లో గడిపినవాళ్లు మీలోనే ఉంటారు. పండగ లైటింగు సీరియల్ సెట్లు, జనరేటరు ఉన్న లైను మాత్రం సౌండుకి వద్దే వద్దు.

తర్వాత వెనక భాగం. ప్రతి కార్డుకీ ఫ్రేమ్ వెనక బిగించే ఒక ప్లేటు ఉంటుంది, దాన్ని రియర్ మాడ్యూల్ అంటారు. వైర్లన్నీ దానికే. ఖాళీ ప్లేటు తీసి, దీన్ని కూర్చోబెట్టి, స్క్రూలు బిగించాలి. చేతి బలమంతా చూపించొద్దు. కార్డుని ముందు గుచ్చి తర్వాత ఇది బిగిద్దామనుకుంటే లోపలి పిన్నులు ఒంగే ప్రమాదం ఉంది. వెనకది ముందు, ముందుది తర్వాత.

ఆ పైన వైర్లు. ప్రతి దారికీ మూడు కొనలు ఉంటాయి. ప్లస్, మైనస్, షీల్డ్. ప్లస్‌లో వెళ్లే సిగ్నలే మైనస్‌లో తిరగేసి వెళ్తుంది. దారిలో పట్టుకున్న రొద రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, అవతల ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే రొద కొట్టుకుపోయి మంత్రం మిగులుతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ అంటారు. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. పడమటి స్పీకర్లు ఒక రకంగా, తూర్పువి తిరగేసి కలిపితే రెండూ కలిసే చోట నిలబడ్డవాళ్లకి గొంతు డొల్లగా వినిపిస్తుంది.

అవతలి పరికరం బ్యాలెన్స్‌డ్ కాకపోతే మైనస్‌ని షీల్డుకి కలపాలా, ఖాళీగా వదలాలా అనేది కార్డు తయారీని బట్టి మారుతుంది. దీన్ని మాన్యువల్‌లో చూసే చేయండి. ఊహించి చేయకండి.

గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్మింగ్ వస్తే? ఎర్త్ పిన్ను విరిచేసి ప్లగ్ పెట్టే చిట్కా ఎవరైనా చెప్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. అక్కడ తడి నేల ఉంది, అభిషేకం నీళ్లున్నాయి, వందల పాదాలున్నాయి. ఎర్త్ ప్రాణాలు కాపాడేది. షీల్డుని ఒక చివర మాత్రమే కలిపి చూడండి, లేదా మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

ఇప్పుడు కార్డు. మణికట్టుకి స్టాటిక్ పట్టీ కట్టుకుని, కార్డుని అంచులు పట్టుకుని తీయండి. బంగారు పూత ఉన్న కొనని వేలితో ముట్టుకోవద్దు. శ్రీకూర్మం సముద్రానికి దగ్గర ఊరు. ఉప్పుగాలికి వేలి చెమట తోడైతే కాంటాక్టులు త్వరగా చెడతాయి. కార్డు లోపల పెట్టేముందు దాని మీద చిన్న జంపర్లు, స్విచ్‌లు చూడండి. కొన్ని కార్డుల్లో "లోకల్, రిమోట్" అని ఒక స్విచ్ ఉంటుంది. అది లోకల్‌లో ఉంటే మీరు హైదరాబాద్ నుంచి ఎంత లాగినా కార్డు కదలదు. గాడిలో పెట్టి, నెమ్మదిగా తోసి, చివర్లో గట్టిగా కూర్చునేదాకా నొక్కండి. పచ్చ లైటు వస్తే మంచిది. ఎర్ర లైటు వస్తే అదేం చెప్తోందో మాన్యువల్‌లో చూడండి.

పరీక్ష: జనం రాకముందే

మిక్సర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపండి. లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. గెయిన్ సున్నా దగ్గర ఉంటే ఎనిమిది దారుల్లోనూ అంతే రావాలి. మామూలు కెమెరా ఇన్‌పుట్ దాదాపు 0.32 వోల్టులు ఆశిస్తుంది. కాబట్టి ఆ ఒక్క దారిని 12 డెసిబెల్స్ తగ్గించాలి. తగ్గించకపోతే వీడియోలో గొంతు పగిలినట్టు ఉంటుంది. చాలా లైవ్‌లలో వినిపించే "గరగర"కి కారణం ఇదే.

తర్వాత ఒక్కొక్క దారి ప్లగ్ తీసి, మళ్లీ పెట్టండి. తీసినప్పుడు మిగతా ఏడింటిలో "టక్" అని కూడా రాకూడదు. ఆ పైన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో దారినీ ఒక నిమిషం వినండి. మీటర్ పచ్చగా ఉన్నంత మాత్రాన సౌండు బాగుందని కాదు.

ప్రతి వైరుకీ రెండు చివర్లా పేరు రాసి అంటించండి. తెలుగులోనే రాయండి. "పడమర స్పీకర్లు" అని. ఆ రోజు అక్కడ ఉండే కుర్రాడికి అర్థం కావాలి కదా.

దూరం నుంచి నడపడం

ఫ్రేమ్‌లోని కంట్రోలర్ కార్డుకి నెట్‌వర్క్ వైరు పెట్టి, మారని ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఓపెన్‌గేర్ వాటికి రాస్ వీడియో కంపెనీ ఉచితంగా ఇచ్చే డ్యాష్‌బోర్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ముందు ఫ్రేమ్, దాని కింద స్లాట్లు, స్లాట్‌లో మన కార్డు కనిపిస్తాయి. కార్డు తెరిస్తే అది ఇచ్చే సెట్టింగులు కనిపిస్తాయి. ఏ దారికి ఎంత గెయిన్, మ్యూట్, లెవెల్ మీటరు, సిగ్నల్ ఆగిపోతే అలారం లాంటివి. అన్ని కార్డుల్లోనూ అన్నీ ఉండవు, కొనేముందే చూసుకోండి.

మొదట చేయాల్సిన పని పేర్లు మార్చడం. "ఔట్ 4" తీసేసి "పడమర స్పీకర్లు" అని పెట్టండి. నా తప్పు సగం ఇక్కడే ఆగిపోయేది.

ఫ్రేమ్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి. రూటర్‌లో పోర్ట్ తెరిచి "ఎక్కడి నుంచైనా వస్తుంది" అని సంబరపడితే, ఎవరైనా వస్తారు. వీపీఎన్ ద్వారా మాత్రమే వెళ్లండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. భక్తుల కోసం పెట్టిన వైఫై, ఈ నెట్‌వర్క్ ఒకటే కాకూడదు. గుడి మైకులో బయటివాడి గొంతు వచ్చిందంటే అది సాంకేతిక సమస్యగా మిగలదు, ఊరి గొడవ అవుతుంది.

ఇక అసలు పాఠం, ఆలస్యం. మన లైవ్ వీడియో చూసేవాళ్లకి చేరేసరికి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా పడుతుంది. స్లైడర్ మాత్రం అక్కడ క్షణంలో కదులుతుంది. చెయ్యి వర్తమానంలో ఉంది, చెవి గతంలో ఉంది. ఫలితం వినపడేలోపు మళ్లీ కదిపితే రెండూ కలిసి మీద పడతాయి. నేను 6, ఇంకో 6 పెంచాను. మొత్తం 12 డెసిబెల్స్. వోల్టేజి నాలుగు రెట్లు, పవర్ పదహారు రెట్లు. స్పీకర్ శబ్దం మైకులోకి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ స్పీకర్లోకి వచ్చి, ప్రతి చుట్టుకీ పెరుగుతూ పోతే కూత కాక ఏం వస్తుంది?

అందుకే ఎనిమిదో దారి. దాని నుంచి తక్కువ ఆలస్యం ఉండే వేరే ఆడియో లింకు పెట్టుకోండి, లేదా మామూలు ఫోన్ కాల్ అయినా సరే. దూరంగా ఉన్నవాడు వినాల్సింది అది, లైవ్ కాదు. అది కూడా మండపంలో ఎలా ఉందో చెప్పదు, కార్డులోకి ఏం వస్తోందో మాత్రమే చెప్తుంది. మండపం సంగతి చెప్పగలిగేది అక్కడ నిలబడ్డ మనిషే.

మా టీమ్ ఇప్పుడు పాటించే నియమాలు ఇవి:

- ఒకసారికి 1 డెసిబెల్ మించి కదపకూడదు. ఆ తర్వాత అర నిమిషం చేతులు కట్టుకుని కూర్చోవాలి.
- స్పీకర్లకి వెళ్లే 4, 5, 6 దారులు దూరం నుంచి తగ్గించొచ్చు, పెంచకూడదు. పెంచాలంటే అక్కడి మనిషి పెంచాలి.
- కూత మొదలయ్యే లెవెల్ ఎక్కడో ముందురోజే కనుక్కుని, దానికి కనీసం 6 డెసిబెల్స్ కింద ఉండాలి.
- మంచి సెట్టింగ్ దొరికాక దాన్ని రాసి పెట్టుకోవాలి, సేవ్ చేసుకోవాలి. తప్పు జరిగితే ఆలోచించకుండా దానికి వెనక్కి రావాలి.
- అక్కడి కుర్రాడి చేతిలో స్పీకర్లకి మాత్రమే పనిచేసే ఒక మ్యూట్ స్విచ్ ఉండాలి. ఇన్‌పుట్ వైరు లాగాల్సిన అవసరం రాకూడదు. దారుల్ని ఒకదాన్నుంచి ఒకటి కాపాడే కార్డు, ఇన్‌పుట్టే పోతే ఏమీ చేయలేదు.
- ఎవరి మాట చివరిది? అక్కడున్నవాడిది. పదేళ్ల అనుభవం నాది, వాడు ఇంటర్ చదువుతున్నా సరే, వాడు "తగ్గించన్నా" అంటే తగ్గించాలి.

చట్టం కూడా మన ధర్మమే

ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పెట్టకూడదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. దేవుడి కార్యక్రమమే కదా, ఎవరేమంటారు అనుకోవద్దు. పక్కింట్లో పరీక్షకి చదువుకునే అమ్మాయి ఉంటుంది. బాలింత ఉంటుంది. ఇక్కడ మన కార్డు బాగా ఉపయోగపడుతుంది. వేళ దాటగానే స్పీకర్ల దారులు మూడూ మ్యూట్ చేసి, లైవ్ మాత్రం కొనసాగించొచ్చు. వినాలనుకున్నవాళ్లు ఫోన్‌లో వింటారు, నిద్రపోవాలనుకున్నవాళ్లు నిద్రపోతారు.

కూర్మం దగ్గర నేర్చుకున్నది

భగవద్గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో తాబేలు పోలిక వస్తుంది. తాబేలు తన అవయవాల్ని లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాల్ని విషయాల నుంచి వెనక్కి తీసుకునేవాడి బుద్ధి నిలకడగా ఉంటుందని భావం. చిన్నప్పుడు ఇది సన్యాసులకి చెప్పిన మాట అనుకునేవాణ్ని. రిమోట్ కంట్రోల్ చేతికొచ్చాక నాకూ వర్తిస్తుందని తెలిసింది. వేలు స్లైడర్ మీదకి పోతూనే ఉంటుంది. "ఇంకొంచెం బాగుంటుందేమో" అనిపిస్తూనే ఉంటుంది. ఆ వేలిని వెనక్కి తీసుకోవడం ఈ పనిలో సగం నైపుణ్యం.

క్షీరసాగర మథనం కథలో కూడా చూడండి. స్వామి కూర్మరూపంలో కిందికి వెళ్లి మందర పర్వతాన్ని వీపు మీద మోశాడు. చిలికినవాళ్లు పైన ఉన్నారు, అందరి కళ్లూ వాళ్ల మీదే. కింద మోస్తున్నది కదలకుండా ఉంది కాబట్టే పైన చిలకడం సాగింది. సౌండు పనీ నాకు అలాగే కనిపిస్తుంది. మనం బాగా చేసిన రోజు మనల్ని ఎవరూ గుర్తుపట్టరు. అలా గుర్తుపట్టకపోవడమే ఆ రోజు మనకి దక్కిన ప్రసాదం.

ఆ చిన్న గుడికి తర్వాతి ఏడు నేనే వెళ్లాను. హైదరాబాద్‌లో కూర్చోలేదు. ఆ కుర్రాడి పక్కన నిలబడి వైర్లకి పేర్లు అంటించాను, మ్యూట్ స్విచ్ వాడి చేతిలో పెట్టాను. అభిషేకం మొదలైంది. అర్చకులు ఒకసారి మా వైపు చూసి, "మైకు బాగుందా నాయనా?" అని నవ్వారు. వాడు తలూపాడు. నేను స్లైడర్ ముట్టుకోలేదు.

ఈ వారం మీ వంతు

1. మీ ఊరి గుడిలో గానీ, మీ అపార్ట్‌మెంట్ వినాయకుడి పందిట్లో గానీ సౌండు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో ఒక కాగితం మీద గీయండి. ఒక్క వైరు తెగితే ఎన్ని ఆగిపోతాయో లెక్కపెట్టండి.
2. ఏదైనా లైవ్ పెట్టి, అక్కడున్న స్నేహితుడికి ఫోన్ చేసి చప్పట్లు కొట్టమనండి. ఫోన్‌లో విన్న చప్పట్లు లైవ్‌లో ఎన్ని సెకన్ల తర్వాత వినిపించాయో చూడండి. ఆ అంకె గుర్తుంచుకోండి.
3. మీ గుడిలో మైకు దగ్గర కూర్చునే మనిషి పేరు మీకు తెలుసా? ఈసారి వెళ్లినప్పుడు పలకరించండి. తీర్థం తీసుకున్నాక అయినా సరే.

శ్రీకూర్మం వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. శ్రీకాకుళం పట్టణం నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. పొద్దున్నే అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని ఇటు రావచ్చు. ప్రదక్షిణ మండపంలో ఒక ఐదు నిమిషాలు ఫోను జేబులో పెట్టేసి ఊరికే వినండి. మైకు లేకపోయినా ఆ రాతి మండపంలో మంత్రం ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది. మనం లైవ్‌లో అందించాల్సింది ఆ శబ్దాన్నే, అంతకంటే ఎక్కువ కాదు.

జై కూర్మనాథ!